పాత కోడ్‌లో ఆ వేరియబుల్‌ను ఇంకెవరు తాకుతున్నారు? 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లు పోయాక తెలిసిన ప్రశ్న

2012 ఆగస్టు 1. న్యూయార్క్‌లో ఉదయం 9.30కు స్టాక్ మార్కెట్ తెరుచుకుంది. ఆ క్షణం నుంచే నైట్ క్యాపిటల్ అనే బ్రోకరేజీ సంస్థ కంప్యూటర్లు ఎవరూ అడగని ఆర్డర్లు పంపడం మొదలుపెట్టాయి.

ఖాతాదారుల నుంచి వచ్చినవి 212 చిన్న ఆర్డర్లే. వాటిని పూర్తి చేయబోయి ఆ సంస్థ సిస్టమ్ దాదాపు 45 నిమిషాల్లో 154 కంపెనీల షేర్లలో 40 లక్షలకు పైగా లావాదేవీలు చేసింది. చేతులు మారిన షేర్లు 39.7 కోట్లకు పైనే. వాటిని వదిలించుకునేసరికి సంస్థకు 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. అప్పట్లో అమెరికా షేర్ల ట్రేడింగ్‌లో దాదాపు 10 శాతం ఈ సంస్థ ద్వారానే జరిగేది. అంత పెద్ద సంస్థ ఒక్క పూటలో మూతపడే స్థితికి వచ్చింది.

ఎవరో హ్యాక్ చేశారా అంటే లేదు. కంప్యూటర్లు పాడయ్యాయా అంటే అదీ లేదు. పాత కోడ్‌ను తీసి కొత్తది పెట్టే పనిలో ఇంజినీర్లు ఒక పాత గుర్తును మళ్లీ వాడుకున్నారు. ఆ గుర్తును చదివే పాత కోడ్ ఒక చోట ఇంకా బతికే ఉంది.

సాఫ్ట్‌వేర్ రంగంలో రోజూ జరిగే పని ఇది. బ్యాంకులు, బీమా సంస్థలు, రైల్వేలు, విద్యుత్ సంస్థలు నడిపే ప్రోగ్రామ్‌లలో చాలావరకు ఏళ్ల కిందట రాసినవే. వాటినే లెగసీ కోడ్ అంటారు. ప్రోగ్రామ్ చేసే పని మారకుండా దాని లోపలి అమరికను బాగు చేయడాన్ని రీఫ్యాక్టరింగ్ అంటారు. ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన ప్రశ్న వినడానికి చాలా చిన్నది: ఈ వేరియబుల్‌ను ఇంకెవరు చదువుతున్నారు, ఇంకెవరు మారుస్తున్నారు?

పక్కింటి యూనిట్లు మన బిల్లులోకి ఎలా వస్తాయి?

స్టాక్ మార్కెట్ కంటే కరెంటు బిల్లుతో చెప్పుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఇరవై ఏళ్ల కిందట రాసిన ఒక బిల్లింగ్ ప్రోగ్రామ్‌ను ఊహించుకుందాం.

వేరియబుల్ అంటే కంప్యూటర్ మెమరీలో పేరు పెట్టి దాచుకున్న ఒక విలువ. ఈ ప్రోగ్రామ్‌లో ‘యూనిట్లు’ అనే వేరియబుల్ ఉంది. అది గ్లోబల్ వేరియబుల్. అంటే ప్రోగ్రామ్‌లోని ఏ భాగమైనా దాన్ని చదవొచ్చు, మార్చొచ్చు. ఊరి మధ్యలో పెట్టిన నల్లబల్ల లాంటిది. ఎవరైనా వచ్చి తుడిచి రాసి వెళ్లిపోవచ్చు. ఎవరు రాశారో బల్ల మీద ఉండదు.

ఒక్కో ఇంటికీ మూడు పనులు వరుసగా జరుగుతాయి. మొదటి భాగం మీటర్ రీడింగ్ తీసుకుని ‘యూనిట్లు’లో వేస్తుంది. రెండో భాగం ఇంటికి తాళం వేసి ఉన్న కేసుల కోసం. సిబ్బంది భాషలో డోర్ లాక్ కేసులు. రీడింగ్ దొరకలేదు కాబట్టి గత నెలల సగటును తీసి అదే ‘యూనిట్లు’లో వేస్తుంది. మూడో భాగం ఆ యూనిట్లను చదివి స్లాబుల ప్రకారం బిల్లు కడుతుంది.

ఇప్పుడు ఒక కొత్త ఇంజినీర్‌కు ఈ కోడ్ శుభ్రం చేసే పని అప్పగించారు. రీడింగ్ తీసుకోవడం, స్లాబ్ లెక్కకట్టడం పక్కపక్కనే ఉంటే బాగుంటుందని ఆమెకు అనిపించింది. డోర్ లాక్ భాగం పేరులో ‘యూనిట్లు’ అన్న మాటే లేదు, అదేదో నివేదిక తయారుచేసే భాగం అనుకుంది. స్లాబ్ లెక్కను దానికంటే ముందుకు జరిపింది. పది ఇళ్లతో పరీక్షించింది. అన్నీ సరిగ్గానే వచ్చాయి. ఆ పదీ మనుషులు ఉన్న ఇళ్లే.

అసలు బిల్లింగ్ మొదలయ్యాక తాళం వేసిన ఇల్లు వచ్చింది. రీడింగ్ లేదు కాబట్టి ‘యూనిట్లు’లో కొత్త విలువ పడలేదు. సగటు వేసే భాగం ఇంకా రాలేదు. స్లాబ్ లెక్క మాత్రం అప్పటికే మొదలైంది. అది చదివింది అంతకుముందు ఇంటి యూనిట్లను. ఊరెళ్లి నెల తర్వాత తిరిగొచ్చిన వాళ్లకు పక్కింటి ఏసీ బిల్లు వచ్చింది.

ఇక్కడ తప్పు స్లాబ్ లెక్కలో లేదు. సగటు లెక్కలోనూ లేదు. విడివిడిగా చూస్తే ప్రతి భాగమూ సరైనదే. ఒకే వేరియబుల్‌ను ఇద్దరు రాస్తున్నారన్న సంగతి, ఆ ఇద్దరూ రాశాకే మూడోవారు చదవాలన్న నియమం ఎక్కడా రాసి లేవు. ఆ నియమం కోడ్ వరసలో దాగి ఉంది. వరస మారగానే నియమం పోయింది.

పేరుతో వెతికితే సరిపోదా?

కోడ్ మొత్తంలో ఆ పేరు ఎక్కడెక్కడ ఉందో వెతకడం అందరూ ముందుగా చేసే పని. చేయాల్సిన పని కూడా. అయితే దానితోనే ఆగిపోతే మూడు చోట్ల మోసపోతారు.

మొదటిది, ఒకే పేరుతో వేర్వేరు వేరియబుల్స్ ఉంటాయి. ‘మొత్తం’, ‘తేదీ’, ‘స్థితి’ లాంటి పేర్లకు వెతికితే వందల ఫలితాలు వస్తాయి. వాటిలో ఏది తమ వేరియబుల్‌దో ఒక్కొక్కటిగా చదివి తేల్చుకోవాలి. యాభయ్యో ఫలితం దగ్గరికి వచ్చేసరికి కళ్లు అలసిపోతాయి.

రెండోది, ఒకే వేరియబుల్‌కు వేర్వేరు పేర్లు ఉంటాయి. సీ భాషలో పాయింటర్ అంటే ఒక విలువ మెమరీలో ఉన్న చోటును చూపించే చిరునామా. ఆ చిరునామా ఎవరి చేతికి వెళ్లినా అసలు పేరు ఎత్తకుండానే విలువను మార్చేయొచ్చు. కోబాల్‌లో రీడిఫైన్స్ అనే సదుపాయం ఉంది. ఒకే మెమరీ స్థలానికి రెండో పేరు, రెండో రూపం ఇస్తుంది. మొదటి పేరుతో వెతికితే రెండో పేరుతో జరిగే మార్పులు కనిపించవు.

మూడోది, పేరు కోడ్‌లో అక్షరాలుగా ఉండకపోవచ్చు. పైథాన్, జావా, జావాస్క్రిప్ట్ లాంటి భాషల్లో ప్రోగ్రామ్ నడుస్తుండగానే పేరును ముక్కలు అతికించి తయారుచేసి, ఆ పేరున్న విలువను తీసుకోవచ్చు. అలాంటి చోట ఏ వెతుకులాటకూ ఏమీ దొరకదు.

పేరు మార్చి చూడటం

తర్వాతి మెట్టు వెతికే పనిని కంపైలర్‌కు అప్పగించడం. రాసిన కోడ్‌ను కంప్యూటర్‌కు అర్థమయ్యే భాషలోకి మార్చే ప్రోగ్రామే కంపైలర్. వేరియబుల్ ప్రకటించిన చోట మాత్రమే పేరు మార్చి, మిగతా కోడ్‌ను అలాగే వదిలేస్తారు. పాత పేరు వాడిన ప్రతి చోటా కంపైలర్ తప్పు చూపిస్తుంది. ఆ తప్పుల జాబితాయే ఆ వేరియబుల్‌ను ఎవరెవరు తాకుతున్నారో చెప్పే జాబితా. లెగసీ కోడ్‌పై 2004లో వచ్చిన పుస్తకంలో మైకేల్ ఫెదర్స్ కంపైలర్‌పై ఇలా ఆధారపడే పద్ధతిని వివరించారు.

మార్చేవాళ్లు మాత్రమే కావాలంటే మరో దారి ఉంది. సీ, సీ++ భాషల్లో వేరియబుల్‌ను తాత్కాలికంగా ‘కాన్‌స్ట్’ అని ప్రకటిస్తారు. అంటే ఇది మారకూడదు అని చెప్పడం. అప్పుడు చదివేచోట్ల గొడవ ఉండదు, మార్చే ప్రతి చోటా తప్పు వస్తుంది. కరెంటు బిల్లు ఉదాహరణలో ఇలా చేసి ఉంటే డోర్ లాక్ భాగం వెంటనే బయటపడేది. జీసీసీ కంపైలర్‌లో అయితే ఒక పేరును ‘పాయిజన్’ చేసే ఆదేశం ఉంది. ఆ తర్వాత ఆ పేరు ఎక్కడ కనిపించినా కంపైలేషన్ ఆగిపోతుంది. ఒకసారి వదిలించుకున్న పేరు మళ్లీ ఎవరూ వాడకుండా ఇది కాపలా కాస్తుంది.

ఈ పద్ధతికీ పరిమితులున్నాయి. కంపైలర్ తన ముందున్న కోడ్‌నే చూస్తుంది. ఒక రాష్ట్రానికో, ఒక కస్టమర్‌కో ప్రత్యేకంగా విడిగా పెట్టిన కోడ్ ఈసారి కంపైల్ కాకపోతే, అందులోని వాడకం కనిపించదు. తరగతుల వారసత్వం ఉన్న భాషల్లో ఇంకో చిక్కు ఉంది. పిల్ల తరగతిలోని పేరు మార్చినప్పుడు అదే పేరు తల్లి తరగతిలో ఉంటే కంపైలర్ తప్పు చూపించదు. చడీచప్పుడు లేకుండా తల్లి వేరియబుల్‌ను వాడుకుంటుంది. తప్పులు రాలేదు కాబట్టి ఎవరూ వాడటం లేదని అనుకుంటే అక్కడే దెబ్బ తగులుతుంది.

నల్లబల్లకు గది కట్టడం

వెతకడం ఒక్కసారి పని. రేపు మరో ఇంజినీర్ వచ్చి కొత్త చోట అదే వేరియబుల్‌ను మార్చొచ్చు. అందుకే వెతికిన తర్వాత వేరియబుల్ చుట్టూ గది కట్టి, ఒకే తలుపు పెట్టమంటారు అనుభవజ్ఞులు. చదవాలంటే ఒక ఫంక్షన్, మార్చాలంటే మరో ఫంక్షన్. నేరుగా ముట్టుకోవడం కుదరదు. మార్టిన్ ఫౌలర్ ‘రీఫ్యాక్టరింగ్’ పుస్తకం 2018 నాటి రెండో ముద్రణలో దీన్ని ‘ఎన్‌క్యాప్సులేట్ వేరియబుల్’ అన్నారు.

పని ఒక్కసారిగా చేయక్కర్లేదు. ముందు రెండు ఫంక్షన్లు రాస్తారు. తర్వాత వాడిన చోట్లను ఒక్కొక్కటిగా ఈ ఫంక్షన్లకు మళ్లిస్తారు. ప్రతి మార్పు తర్వాతా పరీక్షిస్తారు. అన్నీ అయ్యాక వేరియబుల్‌ను ప్రైవేట్ చేస్తారు. సీ భాషలో అయితే ఒకే ఫైల్‌కు పరిమితమయ్యేలా ‘స్టాటిక్’ అని ప్రకటిస్తారు. మరిచిపోయిన చోటు ఏదైనా ఉంటే అప్పుడు బయటపడుతుంది.

తలుపు ఉంటే కాపలాదారును పెట్టుకోవచ్చు. మార్చే ఫంక్షన్‌లో ఒక్క వరుస చేర్చి ఎవరు పిలిచారు, పాత విలువ ఎంత, కొత్త విలువ ఎంత అన్నది లాగ్‌లో రాయించొచ్చు. పైథాన్‌లో ప్రాపర్టీ, జావాస్క్రిప్ట్‌లో ప్రాక్సీ ఉన్నాయి. వాటితో అయితే వాడేవాళ్ల కోడ్‌ను కదపకుండానే తలుపు పెట్టొచ్చు.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. వేరియబుల్ ఒక అంకె కాకుండా జాబితా అయితే, చదివే ఫంక్షన్ ఆ జాబితానే చేతికి ఇచ్చేస్తుంది. తీసుకున్నవారు అందులో ఏదైనా చేర్చినా తీసేసినా అసలు జాబితాయే మారిపోతుంది. మార్చే తలుపు దగ్గర ఎవరూ కనిపించరు. అందుకే అలాంటి చోట నకలు ఇవ్వాలి.

నడుస్తుండగా పట్టుకోవడం

పాయింటర్ల ద్వారా జరిగే మార్పులను కోడ్ చదివి పట్టుకోవడం కష్టం. అక్కడ ప్రోగ్రామ్‌ను నడిపించి మెమరీ మీదే నిఘా పెడతారు. జీడీబీ లాంటి డీబగ్గర్‌లో ‘వాచ్’ అనే ఆదేశం ఇస్తే, ఆ చోట విలువ మారగానే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. మార్చిన వరుస, దాన్ని పిలిచిన ఫంక్షన్ల వరుస అన్నీ చూపిస్తుంది. చదివేవాళ్లను పట్టుకోవడానికి ‘ఆర్‌వాచ్’, రెండింటికీ ‘ఏవాచ్’ ఉన్నాయి. ఏ పేరుతో తాకారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. తాకిన చోటే లెక్క.

ఈ పనికి ప్రాసెసర్ సాయం చేస్తుంది. ఇంటెల్, ఏఎండీ ఎక్స్86 ప్రాసెసర్లలో ఇలాంటి నిఘా చిరునామాలు పెట్టుకోవడానికి 4 రిజిస్టర్లు ఉన్నాయి. ఒక్కోటి 8 బైట్ల దాకా చూడగలదు. అంతకంటే ఎక్కువ కావాలంటే డీబగ్గర్ ఒక్కో అడుగూ ఆపి చూడాలి, ప్రోగ్రామ్ నత్తనడక నడుస్తుంది. పెద్ద డేటా మీద నిఘాకు లినక్స్‌లో ‘ఎంప్రొటెక్ట్’ అనే సదుపాయంతో మొత్తం మెమరీ పేజీని రాయడానికి వీల్లేకుండా చేయొచ్చు. ఎవరు రాయబోయినా ప్రోగ్రామ్ అక్కడికక్కడే కూలిపోయి దొంగ చోటును చూపిస్తుంది.

పక్కింటి యూనిట్ల లాంటి తప్పుకు ఇంకా చవకైన మందు ఉంది. ఒక ఇంటి బిల్లు అయిపోగానే ‘యూనిట్లు’లో కావాలని అసంభవమైన విలువ వేస్తారు, మైనస్ 9999 లాంటిది. తర్వాతి ఇంటికి ఎవరైనా కొత్త విలువ వేయకముందే చదివితే బిల్లు మైనస్‌లో వస్తుంది. 640 యూనిట్ల తప్పుడు బిల్లు ఎవరి కంటికీ ఆనకపోవచ్చు. మైనస్ బిల్లు ఎవరి కళ్లూ తప్పించుకోదు.

నడిపించి పట్టుకునే పద్ధతులన్నిటికీ ఒకే లోపం ఉంది. నడిచిన కోడ్‌నే అవి చూస్తాయి. డోర్ లాక్ ఇల్లు లేని పరీక్షలో డోర్ లాక్ భాగం నడవదు. మార్చి 31న మాత్రమే నడిచే కోడ్ జూన్‌లో పెట్టిన నిఘాకు చిక్కదు. అందుకే పాత ప్రోగ్రామ్‌నూ కొత్తదాన్నీ ఒకే పాత డేటా మీద, వీలైతే ఏడాది డేటా మీద నడిపి, వచ్చిన బిల్లులను పక్కపక్కన పెట్టి పోల్చాలి. తేడా వచ్చిన ప్రతి బిల్లూ తెలియని వాడకందారు ఒకరున్నారని చెబుతుంది.

ప్రాణాలు తీసిన ఒక్క బైటు

తప్పుడు బిల్లును సరిచేయొచ్చు. 1985 జూన్ నుంచి 1987 జనవరి మధ్య అమెరికా, కెనడాల్లో జరిగినవి అలాంటి తప్పులు కావు. కెనడా ప్రభుత్వ సంస్థ ఏఈసీఎల్ తయారుచేసిన థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం ఆరు ఘటనల్లో రోగులకు భారీ మోతాదులో రేడియేషన్ ఇచ్చింది. కొందరు చనిపోయారు, మిగతావారు తీవ్రంగా గాయపడ్డారు. నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్ 1993లో ప్రచురించిన పరిశోధన వల్ల ఆ కోడ్‌లో ఏం జరిగిందో లోకానికి వివరంగా తెలిసింది.

ఆ కోడ్ కూడా వారసత్వంగా వచ్చిందే. 1972లో మొదలైన థెరాక్-6 సాఫ్ట్‌వేర్ నుంచి పెరుగుతూ వచ్చింది. ఒకే వ్యక్తి కొన్నేళ్ల పాటు రాశారు. ఒకేసారి నడిచే వేర్వేరు పనులు ఉమ్మడి వేరియబుల్స్ ద్వారా మాట్లాడుకునేవి.

అమెరికాలోని యాకిమాలో 1987లో జరిగిన ప్రమాదానికి కారణం అలాంటి ఒక వేరియబుల్. అది సున్నా కాకపోతే యంత్రం భాగాలు సరైన చోట ఉన్నాయో లేదో తనిఖీ చేయాలని అర్థం. చికిత్సకు సిద్ధం చేసే దశలో ఒక భాగం పదేపదే నడుస్తూ, నడిచిన ప్రతిసారీ దానికి 1 కలిపేది. ఆ వేరియబుల్ ఒకే బైటు. 255 దాటితే మళ్లీ సున్నా అవుతుంది. అంటే 256వ సారి తనిఖీ అక్కర్లేదన్న సంకేతం వచ్చేది. సరిగ్గా ఆ క్షణంలో ఆపరేటర్ ‘సెట్’ మీట నొక్కితే తనిఖీ జరగకుండానే కిరణం వెళ్లిపోయేది. తర్వాత చేసిన సవరణ ఎంతో చిన్నది: 1 కలపడానికి బదులు సున్నా కాని ఒక స్థిర విలువ వేయడం.

అంతకుముందు టెక్సస్‌లోని టైలర్‌లో జరిగిన ప్రమాదాల కథ వేరు. అక్కడ ఆపరేటర్ టైప్ చేసిన వివరాలను ఒక పని ఉమ్మడి వేరియబుల్‌లో వేస్తుంటే మరో పని చదువుకునేది. అయస్కాంతాలు సర్దుకునే దాదాపు 8 సెకన్లలో ఆపరేటర్ చేసిన సవరణ రెండో పనికి తెలిసేది కాదు. ఇదే తప్పు పాత థెరాక్-20లోనూ ఉందని తర్వాత తేలింది. అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. ఎందుకంటే ఆ యంత్రంలో హార్డ్‌వేర్ రక్షణలు విడిగా ఉండేవి. కొత్త యంత్రంలో వాటిని తీసేసి సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకున్నారు. ఏళ్ల తరబడి బాగా నడిచిన కోడ్ అంటే తప్పులేని కోడ్ అని కాదు. దాని తప్పును ఇంకేదో కాస్తూ ఉండొచ్చు.

ఒకేసారి నడిచే పనుల మధ్య ఇలాంటి ఘర్షణలను పట్టుకోవడానికి నేడు థ్రెడ్‌శానిటైజర్ వంటి సాధనాలు ఉన్నాయి. ఒకే మెమరీ చోటును రెండు పనులు వరస నియమం లేకుండా తాకితే, వాటిలో ఒకటైనా రాస్తుంటే, రెండు చోట్లనూ అవి చూపిస్తాయి. దీనితో ప్రోగ్రామ్ 5 నుంచి 15 రెట్లు నెమ్మదిస్తుంది కాబట్టి పరీక్షల్లోనే వాడతారు.

కంపైలర్‌కు కనిపించని ఎనిమిదో సర్వర్

మళ్లీ నైట్ క్యాపిటల్ దగ్గరికి వద్దాం. అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2013 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వులో జరిగింది వివరంగా ఉంది.

ఆ సంస్థ ఆర్డర్లు పంపే ప్రోగ్రామ్‌లో ‘పవర్ పెగ్’ అనే పాత భాగం ఉండేది. 2003లో దాని వాడకం ఆపేశారు, కోడ్‌ను మాత్రం తీయలేదు. పెద్ద ఆర్డర్‌లో ఎన్ని షేర్లు పూర్తయ్యాయో లెక్కపెట్టి, చాలు అనగానే ఆపే ఏర్పాటు పవర్ పెగ్‌లో ఉండేది. 2005లో ఆ లెక్కపెట్టే పనిని ప్రోగ్రామ్‌లో వేరే చోటికి, అంతకుముందు దశకు జరిపారు. తర్వాత పవర్ పెగ్‌ను మళ్లీ పరీక్షించలేదు. వాడని కోడ్‌ను ఎవరు పరీక్షిస్తారు?

2012లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ తెచ్చిన కొత్త పథకం కోసం కొత్త కోడ్ రాశారు. దాన్ని ఆన్ చేయడానికి, ఒకప్పుడు పవర్ పెగ్‌ను ఆన్ చేసిన ఫ్లాగ్‌నే వాడుకున్నారు. పాత కోడ్ పోతుంది కదా, ఫ్లాగ్ ఖాళీగానే ఉంది కదా అనుకున్నారు. కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లలో పెట్టాలి. ఏడింటిలో పెట్టారు. ఎనిమిదోది మిగిలిపోయింది. ఇంకొకరు సరిచూసే నియమం లేదు.

ఆగస్టు 1న ఆ ఫ్లాగ్‌తో ఆర్డర్లు వచ్చాయి. ఏడు సర్వర్లలో కొత్త కోడ్ దాన్ని సరిగ్గా అర్థం చేసుకుంది. ఎనిమిదో దానిలో పవర్ పెగ్ మేల్కొంది. లెక్కపెట్టేది పక్కన లేదు కాబట్టి ఎక్కడ ఆగాలో దానికి తెలియలేదు. మార్కెట్ తెరవకముందే ‘పవర్ పెగ్’ పేరు ప్రస్తావిస్తూ సిస్టమ్ నుంచి సిబ్బందికి 97 ఈమెయిళ్లు వెళ్లాయి. వాటిని హెచ్చరికలుగా ఎవరూ చూడలేదు. గొడవ మొదలయ్యాక కొత్త కోడ్ వల్లే అనుకుని ఏడు సర్వర్ల నుంచి దాన్ని తీసేశారు. దాంతో అక్కడా పాత కోడ్ లేచింది, నష్టం పెరిగింది.

పైన చెప్పుకున్న పద్ధతులలో ఏదీ ఒంటరిగా దీన్ని ఆపేది కాదు. కొత్త కోడ్‌లో పవర్ పెగ్ లేదు. కాబట్టి పేరు మార్చి కంపైల్ చేసినా తప్పు రాదు. చదివే కోడ్ మరో యంత్రంలో ఉంది. ఒక సిస్టమ్ మరోదానికి పంపే సందేశంలోని ఫ్లాగ్, డేటాబేస్‌లోని ఒక కాలమ్, ఫైల్‌లోని మూడో గడి కూడా వేరియబుల్సే. వాటిని తాకేవాళ్లు మన కోడ్‌లోనే ఉండాలని లేదు.

ఇక్కడ పనికొచ్చేది ఒక క్రమశిక్షణ. ముందు చదివేవాళ్లందరినీ తీసేయాలి. అన్ని యంత్రాల్లోనూ వాళ్లు పోయారని నిర్ధారించుకోవాలి. అప్పుడు వేరియబుల్‌ను తీసేయాలి. పాత పేరును, పాత స్థానాన్ని మాత్రం కొత్త అర్థంతో మళ్లీ వాడకూడదు. గూగుల్ రూపొందించిన ప్రోటోకాల్ బఫర్స్‌లో ఇందుకోసమే ‘రిజర్వ్డ్’ అనే మాట ఉంది. తీసేసిన గడి సంఖ్యను అలా ప్రకటిస్తే దాన్ని మళ్లీ ఎవరు వాడబోయినా కంపైలర్ ఒప్పుకోదు.

తెలుగు ఇంజినీర్లకు కొత్తేమీ కాదు

1990ల చివర్లో వేలాది తెలుగు యువకులకు సాఫ్ట్‌వేర్ తలుపు తెరిచింది ఇదే ప్రశ్న. పాత ప్రోగ్రామ్‌లు సంవత్సరాన్ని రెండు అంకెల్లో దాచుకునేవి. 2000 వస్తే 00 అవుతుంది. ఆ వై2కే సమస్యను సరిచేయడానికి పాశ్చాత్య సంస్థలు భారతీయ కంపెనీలవైపు చూశాయి. హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో కోబాల్ నేర్చుకున్నవారు అమెరికా విమానం ఎక్కారు. రెండు అంకెలను నాలుగు చేయడం పెద్ద పని కాదు. ఆ రెండు అంకెలను ఎక్కడెక్కడ ఎవరు చదువుతున్నారో కనిపెట్టడమే అసలు పని. తేదీ అన్న పేరే లేని గడిలో దాగిన సంవత్సరాన్ని పట్టుకోవడమే నైపుణ్యం.

ఇప్పటికీ హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లోని సర్వీసు కంపెనీల పనిలో పెద్ద వాటా పాత కోడ్ నిర్వహణే. అక్కడ దీన్ని ఇంపాక్ట్ అనాలిసిస్ అంటారు. ఒక మార్పు వల్ల ఇంకేం కదులుతాయో ముందే రాసివ్వడం. డెడ్‌లైన్ దగ్గర పడినప్పుడు ముందుగా కోత పడేది సాధారణంగా దీనికే. మార్పు రెండు వరుసలే కదా, రెండు రోజులు ఎందుకని అడుగుతారు. రెండు వరుసలు రాయడానికి పది నిమిషాలు చాలు. మిగతా సమయమంతా ఆ వేరియబుల్‌ను తాకేవాళ్లను వెతకడానికే. ఈ లెక్క తెలియని మేనేజర్‌కు ఆ రెండు రోజులు వృథాగా కనిపిస్తాయి.

నైట్ క్యాపిటల్‌ను నిలబెట్టడానికి కొద్ది రోజుల్లోనే ఇతర పెట్టుబడిదారులు 40 కోట్ల డాలర్లు పెట్టారు. మరుసటి ఏడాది అది గెట్కో అనే సంస్థలో విలీనమైంది. ఎస్‌ఈసీ 1.2 కోట్ల డాలర్ల జరిమానా విధించింది. ఇదంతా తొమ్మిదేళ్లుగా ఎవరూ వాడని కోడ్ వల్ల జరిగింది. ఆ కోడ్‌ను 2003లోనే తీసేసి ఉంటే ఎనిమిదో సర్వర్‌లో మేల్కోవడానికి ఏమీ ఉండేది కాదు.